మా ఇంటి మీది సలాకలు

మా ఆయన గల్ఫ్ నుంచి ఇంక పూర్తిగనే వచ్చేస్తున్నడన్న ముచ్చట మొదలు నాకు చెప్పింది మా పక్కింటి ఆపా. ఆమె కొడుకూ మా ఆయనా ఒక్క క్యాంపుల ఉండేటోళ్ళు. పొద్దున కొడుకు ఫోన్ల చెప్పంగనే, రొట్టెల పిండి చేతులు కడుక్కోకుంటనే ఆపా గోడ దగ్గరికి వచ్చింది. నేను అరుగు మీద చాట ఒడిల పెట్టుకొని బీడీలు చేస్తున్న.

"చెల్లె, ఆ చాట జెర పక్కకు పెట్టు," అన్నది.

"ఏమైంది ఆపా?"

"ఏం కాలె, మంచిదే. మీ ఆయన ఇంక పక్కా వచ్చేస్తున్నడట. వయసు మీద పడ్డోళ్ళందరికీ కంపెనీ హిసాబ్ చేసి, రావలసిన పైసలన్నీ ఒక్కసారే ఇచ్చి పంపుతున్నదట. నెలాఖరుకు ఇంట్ల ఉంటడు."

"నాకైతే ఏం చెప్పలె."

"మొగోళ్ళు గిసొంటియి మనకు ఆఖరుకు చెప్తరు. మా ఆయనకు గుండె బాగలేదన్న సంగతి నాకు దవాఖానల చెప్పిన్రు."

ఆపా భర్త పోయి అప్పటికి కొన్నేండ్లయింది. ఆయన గూడ గల్ఫ్‌ల పనిచేసి వచ్చినోడే. ఆ మాట ఆమె నవ్వుకుంటనే అన్నది గని, అన్నంక కొంచెం సేపు గోడ మీది పిండి మరకను తుడుచుకుంట నిలబడ్డది.

నేను లేచి దేవుని అర్రల దీపం ముట్టిచ్చిన. మా ఎల్లారెడ్డి దిక్కు గల్ఫ్ పోయి శవమై పెట్టెల వచ్చినోళ్ళున్నరు, నడుము విరిగి వచ్చినోళ్ళున్నరు. నా మనిషి తన కాళ్ళ మీద తను నడిచి వస్తున్నడు. అది చాలని కండ్లకద్దుకున్న.

దండం పెట్టుకొని మళ్ళ చాట ముందట కూసున్నంక లోపల ఇంకొక ఆలోచన షురూ అయింది. గల్ఫ్ పైసల మీద నడిచే ఇంటికి ఒక అలవాటుంటది. నెల మొదట్ల పైసలు పడుతయి, ఆఖరుకు అయిపోతయి, మళ్ళ నెల వస్తది. ఎంత కష్టమొచ్చినా "ఒకటో తారీకు దాంక ఆగుదం" అనుకుంటే మనసు నిలబడుతది. ఇంక ఆ నెల రాదు. దాని బదులు ఒక్కసారి పెద్ద మొత్తం వస్తది. అంత పైసలు ఒక్కతాన చూస్తే ఎవలికైనా తాము ఉన్నోళ్ళమే అనిపిస్తది. నిజానికి అది మనం ముసలోళ్ళమై పోయేదాంక రావలసిన నెలలన్నిటినీ ఒక్క మూటల కట్టి చేతిల పెట్టుడే. అందుల నుంచి ఏ నెల తీసి ఇంటి గోడకు పెడితే ఆ నెల తిండి తక్కువైనట్టే.

నేను బడికి పోలె. మా బాపు ఇంట్లనే బొగ్గుతోని గోడ మీద అక్షరాలు రాసి చదివిచ్చిండు, లెక్కలు చింతగింజలతోని నేర్పిండు. గింజలు తీస్తే కుప్ప తగ్గుతదని కండ్లతోని చూసి నేర్చుకున్నదాన్ని. అందుకే కావచ్చు, కాయిదం మీది అంకె కంటే కుప్పనే నాకు మంచిగ అర్థమైతది. ఆ గింజలు నేర్పిన బాపుకు ఇప్పటికీ పొద్దుగాల దండం పెట్టుకుంట.

ఇంక మా ఇంటి ముచ్చట చెప్పాలె. మాది ఒక్క అంతస్తు స్లాబు ఇల్లు. పైన నాలుగు దిక్కుల, నడుమల, పిల్లర్ల ఇనుప సలాకలు మనిషంత ఎత్తు నిలబడి ఉంటుండె. ఎప్పటికైనా పైన వేస్తమని వదిలిపెట్టినయి. తుప్పు పట్టకుంట మా ఆయన సెలవుల మీద వచ్చినప్పుడల్లా వాటికి సిమెంటు నీళ్ళు పూసి, కొసలకు ప్లాస్టిక్ సీసలు బోర్లిచ్చి పోయేది. మా వాడకట్టుల పై అంతస్తు లేవని ఏ గల్ఫ్ ఇల్లు చూసినా గంతే. మిద్దెల మీద సలాకలు, వాటి మీద సీసలు. గాలి వస్తే ఆ ఇండ్లన్నీ ఒక్కసారే టకటక మోగుతయి. మా ఆయనది అక్కడ సలాకలు కట్టే పనే. ఎవలెవలి బిల్డింగులకో అంతస్తు మీద అంతస్తు కట్టుకుంట పోయిండు. మా ఇంటి మీద మాత్రం అట్లనే ఉన్నయి.

నెలాఖరుకు ఆయన వచ్చిండు. వచ్చినోడు చాయ్ తాగకముందే మెట్లెక్కి మిద్దె మీదికి పోయిండు. నేను చాయ్ పట్టుకొని పైకి పోయే వరకు ఒక్కొక్క సలాకను పట్టి ఊపి చూస్తున్నడు.

"ఇంకా గట్టిగనే ఉన్నయే," అన్నడు. "పైన రెండు పోర్షన్లు వేద్దం. ఒక్కదాంట్ల సారు, ఒక్కదాంట్ల బ్యాంకాయన. నెలనెలా కిరాయి. మనం కూసొని తిందం."

"బ్యాంకోళ్ళు కామారెడ్డి నుంచి పొద్దుగాల బస్సుల వస్తున్నరు, మాపటికి బస్సుల పోతున్నరు. సార్లు గూడ గంతే. మన గల్లీల ఎన్ని 'కిరాయికి ఇవ్వబడును' బోర్డులున్నయో చూసినవా?"

"వాళ్ళు సరిగ కట్టలె. నేను కట్టిపిస్తే వేరే ఉంటది."

"కడితే పైసలన్నీ అందులనే పోతయి గద. రేపు నీ షుగర్ గోలీలకు, నా మోకాళ్ళకు ఏడికెల్లి తెద్దం?"

"నీ బీడీల పింఛన్ ఉన్నది గద. యాభై ఎనిమిది నిండంగనే రాణీ లెక్క కూసొని సాదుతవ్ నన్ను."

బీడీల పి.ఎఫ్. పైసలు నేను బిడ్డ పెండ్లికి గూడ తీయలె. నాతోటోళ్ళు శానమంది తీసుకొని, ఖర్చు చేసుకొని, పింఛన్ గూడ లేకుంట అయిన్రు. నాది సిన్న పింఛనే కావచ్చు. అయినా సచ్చేదాంక వచ్చేది గదొక్కటే. ఆయన ఎగతాళికి నాకు కోపం రాలె. ఆయన మొఖం అంత సంబురంగ ఉంది.

నాలుగు రోజులైనంక ఇద్దరం కామారెడ్డి పోయినం. కంపెనీ ఇచ్చిన హిసాబ్ పైసలు అక్కడి బ్యాంకులనే పడ్డయి. మా మరిది కామారెడ్డిలనే ఉంటడు, ప్లాట్లు చూపిచ్చే పని చేస్తడు. బస్టాండుల మా కోసం బండి పెట్టుకొని ఉన్నడు. బ్యాంకు పని కాంగనే, "అన్నా, ఒక్క అరగంట," అని మమ్మల్ని ఊరవతల ఒక వెంచర్‌కు తీసుకపోయిండు. రంగు జెండాలు, తెల్లసున్నం రాళ్ళు, రాళ్ళ మీద నంబర్లు. నంబర్ల నడుమ మేకలు మేస్తున్నయి.

"అన్నా, ఇది అయిదేండ్లల్ల రెండింతలైతది. కండ్లు మూసుకొని తీసుకో."

"అయిదేండ్ల దాంక ఏం తినాలె మరిదీ?" అన్న.

"వదినకు ఎప్పుడు తిండి ముచ్చటనే."

"తిండి ముచ్చట నేను మరిసి ఉంటే నువ్వు ఇంత పెరగకపోతుంటివి."

వాడు నవ్విండు. నేను కాపురానికి వచ్చినప్పుడు వాడు లాగు జారిపోకుంట చేత్తోని పట్టుకొని ఉరికేటోడు. ఇప్పుడు గూడ వాని మనసుల మోసం లేదు. అన్న బాగుపడాలెననే ఉన్నది. గని వానికి రోజూ ప్లాట్లే కనపడుతయి. మా ఆయనకు సలాకలే కనపడుతయి. నాకు నెలలు కనపడుతున్నయి. ముగ్గురం ఒక్కటే పైసల దిక్కు చూస్తున్నం.

మళ్ళచ్చేటప్పుడు బస్సుల మా ఆయన కిటికీ పక్క కూసున్నడు. ఎల్లారెడ్డి దగ్గరపడ్డంక కిటికీ దిక్కు చూసుకుంటనే అన్నడు:

"ప్లాటైతే వద్దు తీ. గని పైన వెయ్యకుంటే మాత్రం నాకు ఇజ్జత్ లేదే."

"ఎవలేమన్నరు?"

"ఎవలంటరు? కల్లు దుకాణం కాడికెల్లి మజీద్ కాడి దాంక అందరు ఒక్కటే అడుగుతున్నరు. పైన ఎప్పుడు లేపుతున్నవ్ అని. ఇన్నేండ్లు ఏం తెచ్చిండు అంటరు గద రేపు."

ఇంకొంచెం సేపటికి, మెల్లగ చెప్పిండు. క్యాంపుల ఒక్కొక్క అర్రల ఎందరో పండుకుంటరట, ఒకనిది కింది మంచం, ఒకనిది మీది మంచం. శుక్రవారం ఖాళీ దొరికితే అందరు ఫోన్లు తీసి తమ తమ ఇండ్ల ఫోటోలు చూపిచ్చుకుంటరట. తను మా సలాకల ఫోటో చూపిచ్చి, "ఇది ఇంకా అయిపోలె, పైన వస్తది" అని చెప్పేదట. ఆ మాట చెప్పుకుంటనే అన్ని ఎండలు వెళ్ళదీసిండట.

ఆయన అడుగుతున్నది ఇటుకలు, సిమెంటు కాదు. బతుకంత చెమట కార్చినందుకు పదిమందికి కనపడే గుర్తు ఒకటి కావాలె. నేను చెప్తున్నది కనపడనిది. నెలనెలా వచ్చే వడ్డీ ఏ మిద్దె మీదా నిలబడదు, సుట్టాలకు చూపియ్యరాదు. ఆయన మాట తీసేస్తే ఆయన్నే తీసేసినట్టు అనిపిచ్చింది. అట్లని ఊకుంటే, మా ఇద్దరి ముసలితనం సలాకల మీదికి పోతది. దేవుని దగ్గర కూసొని, "నాతోని కాదు, ఇంక నువ్వే ఎవలినైనా పంపు," అని దండం పెట్టుకున్న.

మేస్త్రీతోని మాటైంది. గురువారం మంచిరోజని, ఆనాడే బయానా పైసలు ఇయ్యాలెనని అనుకున్నరు. బుధవారం పగటీలి ఆపా గోడ మీదికెల్లి పిలిచింది.

"భాయ్, ఇంట్ల ఉన్నవా? ఇద్దరు చాయ్‌కి రాన్రి."

పోయినం. ఆపా చాయ్ ఇచ్చింది. చాయ్ తాగినంక, "భాయ్, జెర పైకి నడువు. ఒకటి చూపిస్త," అని కొంగుకున్న తాళంచెవి తీసింది. వాళ్ళ ఇంటికి పై అంతస్తున్నది. ఇన్నేండ్లు పక్కపక్కనే ఉన్నం గని అది నేను బయటనుంచే చూసిన, ఎన్నడు ఎక్కలె. ఆపా ఒక్కొక్క మెట్టు పట్టుకొని ఎక్కింది, ఆమె ఎన్క మేము.

తలుపు తీసింది. పెద్ద హాలు. నేల మీద తెల్లటి టైల్స్, దాని మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉన్నయి. గోడల మీద కరెంటు బోర్డులకు ప్లాస్టిక్ కాయిదం ఇంకా అట్లనే అంటుకొని ఉన్నది. మూలకు గోడకానిచ్చిన రేకు బోర్డు, "ఇల్లు కిరాయికి ఇవ్వబడును". కిటికీ దగ్గర ఒక్క కుర్చీ. దానికి గూడ కవర్ తీయలె.

"ఇది మా ఆయన హిసాబ్ పైసలు, భాయ్," అన్నది ఆపా. "నువ్వు తెచ్చినట్టే తెచ్చిండు. మొత్తం ఇందులనే పెట్టిండు. కిరాయికి ఒక కంపౌండరు వచ్చిండు, నాలుగు నెలలు ఉండి బదిలీ అయి పోయిండు. మళ్ళ ఎవ్వలు రాలె."

మా ఆయన వంగి మిరపకాయలు పక్కకు జరిపి టైల్ మీద చెయ్యి రాసిండు. పనితనం చూస్తున్నడనుకున్న.

"మళ్ళ కిరాయికి ఎవలైనా వచ్చేదాంక ఇది కొత్తగ ఉండాలెనని మమ్మల్ని ఎక్కనియ్యకపోయేది. తను గూడ ఎక్కకపోయేది. ఈ కుర్చీ తనకోసమే తెచ్చుకున్నడు. ఇక్కడ కూసొని మజీద్ మినార్ చూసుకుంట చాయ్ తాగుత అని. ఒక్క పూట గూడ కూసోలె."

"ఆపా, గుండె నొప్పి అప్పుడు..." అన్నడు మా ఆయన, అంతకంటే అడగలేక.

"కామారెడ్డి తీసుకపోయినం. హైదరాబాదుకు రాసిన్రు. పైసలు కావాలె. సుట్టాలల్ల ఎవల దగ్గర చెయ్యి చాపలె మేము? ఒక్కరు గూడ ఇయ్యలె. చెడ్డోళ్ళు కాదు భాయ్ వాళ్ళు. ఇంత పెద్ద ఇల్లున్నది, వీళ్ళకేం తక్కువ అనుకున్నరు. మేము ఊకెనే అడుగుతున్నమనుకున్నరు. కింది ఇల్లొక్కటే ఉండి ఉంటే అయ్యో పాపం అని ఇద్దురేమో. ఇల్లు అమ్ముదమంటే అంత జల్ది ఎవలు కొంటరు? నా బంగారం కుదువబెట్టి తెచ్చేవరకు రెండు రోజులు పోయినయి. ఆ రెండు రోజులల్లనే ఆయన పోయిండు."

కింద గల్లీల కూరగాయల బండాయన అరుచుకుంట పోతున్నడు.

"ఈ ముచ్చట నీ కొడుకు క్యాంపుల ఎన్నడు చెప్పలె గద," అన్నడు మా ఆయన.

"వాడు గూడ ఇంటి ఫోటోనే చూపిచ్చిండు గద, భాయ్," అన్నది ఆపా.

వాడకట్టుల అందరు ఆపాను రెండంతస్తుల ఆమె అనే పిలుస్తరు. కొడుకు పంపే నాలుగు పైసలతోని, కింద ఒక్క అర్రల, పప్పూ రొట్టె మీద బతుకుతున్నదని పక్కింట్ల ఉన్న నాకే అప్పటిదాంక సరిగ తెల్వదు. ఆమె ఇన్నేండ్లు కొంగుకు కట్టి దాచుకున్నది ఆ తాళంచెవి కాదు, ఆ ముచ్చట. దాన్ని మా కోసం విప్పింది. మమ్మల్ని ఏ మాటా అనలె. కట్టుకోవద్దని గూడ చెప్పలె. మిరపకాయలు నాలుగు నా కొంగుల పోసి, "ఎండినయి, తీసుకపో," అన్నది.

ఆ మాపు మా ఆయన అన్నం తినుకుంట, "కుర్చీకి కవర్ గూడ తీయలె," అన్నడు.

గురువారం మేస్త్రీ వచ్చిండు. మా ఆయన అరుగు మీద కూసోపెట్టి చాయ్ తాపిండు, పైన వేస్తలేనని చెప్పిండు.

"ఏందన్నా, పైసలు దాచుకొని మింగుతవా?" అన్నడు మేస్త్రీ.

"అవ్ తమ్మీ, మింగుతనే. నెలకింత మింగుత. నువ్వు గూడ ఇప్పటి సంది జెర పక్కకు పెట్టు, మింగెటందుకు ఉంటది."

మేస్త్రీ నవ్వుకుంట పోయిండు. ఆయన పోయినంక మా ఆయన మొఖం చూసిన. నవ్వులేదు. మాట చెప్పుడు ఎంత కష్టమైందో నాకు ఒక్కదానికే తెలుసు.

తర్వాతి వారం ఇద్దరం పోస్టాఫీసుకు పోయినం. ఇంట్ల ముందే చింతగింజలు పోసి చూపిచ్చిన ఆయనకు. పెద్ద కుప్ప నెలనెలా వడ్డీ వచ్చే ఖాతాల. ఇంకొక కుప్ప బ్యాంకుల, దవాఖాన కోసమే, పెండ్లిళ్ళకూ పేరంటాలకూ ముట్టొద్దని. సిన్న కుప్ప చేతిల. "బీడీ కట్టలు కట్టినట్టే కడుతున్నవ్ పైసలను," అన్నడు. నిజమే. విడిగ ఉన్న బీడీలు గాలికి పోతయి, కట్ట కడితే లెక్కకు వస్తయి. అదొక్కటే నాకు తెలిసిన పని.

పోస్టాఫీసుల, నీ తర్వాత ఎవలికి చెందాలెనని అడిగిన్రు. ఆయన నా పేరు రాపిచ్చిండు. బయటికి వచ్చినంక, "నీ పింఛన్ ఎప్పుడు షురూ అయితదే?" అని మెల్లగ అడిగిండు. ఈసారి ఎగతాళి లేదు. నేను నవ్వు దాచుకొని, "రాణీ లెక్క సాదుత గద, ఆగు," అన్న.

మరిది కొన్నాళ్ళు అలిగిండు, ఫోన్ చెయ్యలె. తర్వాత ఒకనాడు బోనాల పండుగకు వచ్చి, నన్ను పక్కకు పిలిచి, "వదినా, పోస్టాఫీసుల కొంచెం కొంచెం కట్టేది గూడ ఉంటదట గద?" అని అడిగిండు. దేవుని దయ.

సలాకలు మాత్రం ఆరు నెలలు అట్లనే ఉన్నయి. ఒకనాడు పొద్దున పైనుంచి చప్పుడైతే పోయి చూసిన. మా ఆయన ఇనుము కోసే ఆక్సా బ్లేడుతోని సలాకలు కోస్తున్నడు. కోసిన సలాకలను తనకు అలవాటైన తీగతోని, తన చేతి పట్కారుతోని అడ్డం నిలువు కట్టి చిక్కుడు పందిరి చేస్తున్నడు. సీసలన్నీ ఒక సంచిల వేసిండు. ఆయన కండ్లు ఎర్రగున్నయి, ఇనుప పొడి పడ్డదన్నడు. అవునన్న. నీళ్ళు తెచ్చిచ్చిన.

వాడకట్టోళ్ళు ఊకుంటరా? "గల్ఫ్ పోయొచ్చి చిక్కుడు పందిరి లేపిండు," అన్నరు. "లేపిన. కిరాయి బోర్డు పెట్టకుంటనే నిండింది," అంటడు మా ఆయన. ఇప్పుడు సాయంత్రం పూట దాని కింద ఒక కుర్చీ వేసుకొని కూసుంటడు. కుర్చీకి కవర్ లేదు, కొన్ననాడే చింపిండు. వానకాలం పోచారం ప్రాజెక్టు నిండితే చూడబోదమంటడు. బస్సు పైసలు వడ్డీలకెల్లి తీద్దమంటడు.

మొదటి నెల వడ్డీ వచ్చిననాడు పావుకిలో మిఠాయి కొనుక్కొని ఆపా ఇంటికి పోయిన. "నీకు ఏమియ్యాలె ఆపా? నీ బాకీ ఎట్ల తీరుస్త?" అన్న.

"నాకేం వద్దు," అన్నది. "నీకు పైసలు వచ్చిననాడల్లా, మీ దేవుని దగ్గర దీపం పెడతవు గద, అప్పుడు మా ఆయన్ను ఒక్కసారి యాది చేసుకో. మీ దేవుడు గూడ ఏమనడు."

అప్పటి సంది ఏ నెలా తప్పలె. గని ఆపా ఇచ్చింది నా ఒక్కదాని మొక్కుకు మించినది. అందుకే మిమ్మల్ని గూడ అడుగుతున్న. యాభై దాటి, బతుకంతా చేసిన పని పైసలు ఒక్కసారి చేతికి వచ్చి, ఏం చేద్దమా అని మీరు కూసున్ననాడు, మీరు ఏ దేవుణ్ణి తలుచుకుంటే ఆ దేవుని ముందట, మా పక్కింటి ఆయన్ను ఒక్కసారి యాది చేసుకోన్రి. కొత్తగ ఉండాలెనని తను కట్టుకున్న అర్రల తను ఒక్కనాడు పండుకోలె, తెచ్చుకున్న కుర్చీల ఒక్క పూట కూసోలె. పేరు రాస్తలేను, ఆపాకు ఇష్టం ఉండదు. పేరు లేకున్నా యాది చేసుకోన్రి.